రెండు దిక్కులా తీసేయాలి

ఆర్మూర్‌లో ఆదివారాలు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చదివేవాళ్లకు లెక్కలు చెప్పేదాన్ని. వచ్చేవాళ్లంతా నాకంటే పెద్దవాళ్లే. వాళ్లలో ఒకామె వేల్పూర్ నుంచి బస్సులో వచ్చేది. అక్కడ అంగన్‌వాడీలో ఆయా. పది, ఆపైన ఇంటర్ పాసై అక్కడే టీచర్ కావాలని ఆమె పట్టుదల.

బోర్డు మీద x + 2 = 5 అని రాసిన రోజు ఆమె మొహం ముడుచుకుంది.

"లెక్కలల్ల గీ అక్షరమేంది మేడం?"

"ఎంతో తెలియని అంకెకు పెట్టుకున్న పేరక్కా. రెండును అటువైపు పంపితే మైనస్ అవుతుంది. మిగిలేది మూడు."

"ఇటుంటే ప్లస్సు, అటు పోతే మైనస్సెట్లయితది?"

పక్క బెంచీలో దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన విసుక్కున్నాడు. "గట్లనే అయితదమ్మా. బట్టీ కొట్టి రాయి, గంతే."

"బట్టీ కొడితే గేటు దాటంగనే మర్సిపోత. ఎందుకో తెల్వాలె నాకు."

నేనూ బట్టీ కొట్టి నేర్చుకున్నదాన్నే. మాటల్లో ఎన్ని రకాలుగా చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

మరుసటి ఆదివారం కూరగాయలమ్మే ఆమెనడిగి తరాజు తీసుకెళ్లాను. ఒక పళ్లెంలో పసుపు కొమ్ముల సంచి, దాని పక్కన రెండు కిలోల రాయి పెట్టాను. రెండో పళ్లెంలో ఐదు కిలోలకు సరిపడా రాళ్లు పేర్చాను. ముల్లు నిటారుగా నిలిచింది.

"సంచి బరువెంతో చెప్పండక్కా."

ఆమె వచ్చి సంచి పక్కనున్న రాయి తీసింది. ఆ పళ్లెం పైకి లేచింది. కాసేపు చూసి, అవతలి పళ్లెంలోంచి కూడా రెండు కిలోల రాయి తీసేసింది. ముల్లు మళ్లీ నిలబడింది.

"అటు పోనే లేదు మేడం! రెండు దిక్కుల తీసేసినం. సంచి మూడు కిలోలు!"

దుబాయ్ ఆయన లేచొచ్చాడు. "జర జరుగమ్మా, నన్ను గూడ జూడనియ్యి."

అంత చేసినా మొదటిసారి పరీక్షలో ఆమె లెక్కల్లోనే ఫెయిలైంది. ఇక రాదేమో అనుకున్నాను. ఆదివారం నేను వెళ్లేసరికి గది ఊడ్చి, ముందు బెంచీలో కూర్చుని ఉంది.

"ఫికర్ లేదు మేడం, మల్ల రాస్త. ఎక్స్‌లన్నీ మంచిగనే జేసిన. జామెట్రీ ఆగం జేసింది. ఇయ్యాల గదే చెప్పుండ్రి."

రెండోసారి పాసైంది. ఫలితాలొచ్చిన మధ్యాహ్నమే ఫోన్ చేసింది.

"ఇంటర్ల లెక్కలుంటయా మేడం?"

"వద్దనుకుంటే వేరే గ్రూపు తీసుకోవచ్చక్కా."

"వద్దనలే. ఉంటే తీసుకుందామని అడుగుతున్న."

వెనక అంగన్‌వాడీ పిల్లలు గోల చేస్తున్నారు. అన్నం పెట్టే టైమైందంటూ ఫోన్ పెట్టేసింది.