తాతయ్య స్టెప్నీ, నా తన్నులు

నా చిన్నప్పుడు మా తాతయ్యకి నాలుగు చక్రాల ఇల్లుండేది. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత వ్యానులో మంచం, పొయ్యి, ఫొటోలు కడిగే చీకటి గది అన్నీ అమర్చుకుని, అమ్మమ్మని వెంటబెట్టుకుని నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ ఫొటోలు తీసేవాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. బెజవాడలో పెరిగిన నేను ఆ వేసవి సెలవులకి వాళ్ళతో తిరగడానికి వెళ్ళాను.

వ్యానులో నాకు నచ్చనిది స్టెప్నీ ఒక్కటే. నా పడక పక్కనే నిలబెట్టి తాళ్ళతో కట్టిన ఆ మాయదారి టైరు వల్ల కాళ్ళు చాపుకోవడానికి ఉండేది కాదు. అసలే నాకు ముక్కు మీద కోపం. రెండో రోజు పొద్దున్నే లేచి దాన్ని ఫెడీమని తన్నాను.

"ఆడపిల్లవా, ఆంబోతువా?" అని అమ్మమ్మ కేకలేసింది.

తాతయ్య మాత్రం గడ్డం గీసుకుంటూ తాపీగా, "తన్ననివ్వవే" అని, నా వైపు తిరిగి, "అమ్మడూ, రోజూ లేవగానే తన్ను. కాకపోతే ఎట్టా మోగిందో నాకు చెప్పాల" అన్నాడు.

అంతకంటే నాకేం కావాలి! రోజూ తన్నాను. రోజూ "ఠంగుమంది తాతయ్యా" అని చెప్పాను. ఆయన తలూపి కెమెరా తుడుచుకునేవాడు.

ఒకసారి నందిగామలో ఉండగా, జగ్గయ్యపేట అవతలి ఊరి బడి నుంచి కబురొచ్చింది. హెడ్మాస్టరుగారికి బదిలీ అయింది, మర్నాడు మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతున్నారు, ఆయనతో పిల్లలంతా ఫొటో దిగాలని. ఆ పిల్లల్లో ఒక్కరూ అంతవరకు ఫొటో దిగి ఎరగరు.

బయలుదేరే రోజు పొద్దున తన్నితే టైరు దబ్బుమంది. చెప్పగానే తాతయ్య సగం తాగిన కాఫీ కింద పెట్టేశాడు. వాల్వు మీద ఉమ్ము రాశాడు. బుడగ లేచింది. "ఏవండీ, పొద్దెక్కుతోంది, వచ్చాక చూసుకోవచ్చుగా" అని అమ్మమ్మ తొందరపెట్టినా వినలేదు. వాల్వు పిన్ను మార్చి పంపు నా చేతికిచ్చాడు. మళ్ళీ ఠంగుమనేదాకా చెమటలు కక్కుతూ గాలి కొట్టాను.

ఊరు ఇంకా రెండు మైళ్ళుందనగా, ఏ ఎద్దు నాడా నుంచి ఊడిందో, ఒక మేకు ముందు చక్రంలో దిగింది. చుట్టూ బీడు భూములు తప్ప మనిషి లేడు. తాతయ్య కంగారు పడలేదు. "నీ టైరు దించవే" అన్నాడు. నా టైరు! ఎంత పొంగిపోయానో! ఆయన జాకీ ఎత్తాడు, నేను నట్లు అందించాను.

మేం వెళ్ళేసరికి హెడ్మాస్టరుగారి ట్రంకు పెట్టె బస్సు మీదికెక్కింది. నున్నగా దువ్విన తలలతో పిల్లలంతా బస్సుకి అడ్డం నిలబడి కదలనివ్వడం లేదు. డ్రైవరు ఒకటే హారను. తాతయ్య దిగుతూనే, "మీరూ రండయ్యా, ఫొటోలో పడతారు!" అన్నాడు. హారను ఆగిపోయింది. డ్రైవరు, కండక్టరు క్రాఫులు దువ్వుకుని వరస చివర నిలబడ్డారు. హెడ్మాస్టరుగారు నన్ను, మసి చేతులతోనే, ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ ఫొటో ఇంకా నా దగ్గరుంది.

తిరిగొస్తుంటే వెలిగింది నాకు. "ఇన్నాళ్ళూ నా తన్నులతో టైర్లో గాలి ఉందో లేదో చూసుకున్నావా?" అని నిలదీశాను.

"నీకు తన్నాలనుంది, నాకు వినాలనుంది" అన్నాడు తాతయ్య.

ఇప్పటికీ కారు డిక్కీ తెరిపించి, స్టెప్నీని చేతికర్రతో ఒకటి కొట్టి వింటేగానీ ప్రయాణానికి ఎక్కను. మొన్న మా మనవడు ఫోన్లోంచి తలెత్తి, "లేటవుతోంది అమ్మమ్మా, నీ చాదస్తం!" అని చిందులేశాడు. అచ్చం నా కోపమే. చేతికర్ర వాడికిచ్చాను.

"కోపమొచ్చిందా? అయితే నువ్వే కొట్టు. ఎట్టా మోగిందో నాకు చెప్పు."