జార్జియా పేజీ

తమిళనాట మా ఊరు మారండహళ్ళిలో ఎవరికైనా దయ్యం పట్టిందని వేపమండలతో కొడుతుంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండయ్యా అనేవాణ్ణి. వంటవాణ్ణి కదా, సగం దయ్యాలు ఆకలివే అని నా నమ్మకం. ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతో కాదో నాకే తెలియదు.

గుంపుగా విదేశాలు చూడబోయే మనవాళ్ళ వెంట వంట చేయడానికి వెళ్తాను. ఎన్ని వింతలు చూపించినా మధ్యాహ్నానికి వాళ్ళకు సాంబారు పడాల్సిందే. నాకు సాయంగా నా భార్య తమ్ముడు మునిరాజు వస్తాడు. నా భార్య మంజులకు పుట్టింటి వైపు మిగిలింది వాడొక్కడే. బయలుదేరేటప్పుడల్లా ఆమె మాకు ఒకటే చెబుతుంది. “ఎట్ల పోతారో అట్లే ఇద్దరూ రావల్ల.”

చూసిన ప్రతి దేశానికీ నా నోటుబుక్కులో ఒక పేజీ ఉంటుంది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చింది మాత్రం అరవం. అందుకని తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాసుకుంటాను. ఈ సంగతి మాత్రం నేను చెబుతుంటే హోసూరులో తెలుగు చదువుకున్న మా అక్క కూతురు రాసి పెట్టింది.

శ్రీలంకకు కొబ్బరి, కరివేపాకు మోసుకుపోనక్కర్లేదు. వియత్నాంలో ఆకుకూరలు చూస్తే కడుపు నిండుతుంది, కానీ ఏ పులుసు ముట్టినా చేప ఉందా అని అడగాలి. జపాను హోటల్ గదిలో తిరగమోత పెట్టకూడదు. నేను పెట్టాను, ఆ పొగకు హోటలంతా గంట మోగింది, పరువు గంగలో కలిసింది. టర్కీలో పెరుగు మన పెరుగును తలదన్నేలా ఉంటుంది. ఎక్కడికి పోయినా ఇంగువ మరవద్దు. ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ఈ పేజీలు చదివి వినిపిస్తాను.

టర్కీ తర్వాతి పేజీ పైన జార్జియా అని రాసి ఉంది.

అది చూసింది పట్టపగలు. వాకిట్లో రాగులు ఎండబోసి కాపలా కూర్చున్నాను. అప్పటికి నేను జార్జియా వెళ్ళలేదు, వెళ్ళే మాటే లేదు. రాత మాత్రం నాదే. టమాటాలు బాగుంటాయి. కుర్మాలో అక్రోటు పొడి వేస్తే చిక్కబడుతుంది. గ్యాసు నాబ్ మనకు ఎదురు వైపు తిప్పాలి. కొండ మీది హోటల్లో వంటగది కింద ఉంటుంది, కొళాయి వెనక గదిలో. ఆఖరి వరుసలో, బియ్యం కడగడానికి మునిరాజును పంపొద్దు అని ఉంది.

ఎవరో చెప్పగా రాసుకుని మరిచిపోయానేమో అనుకున్నాను. ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఆ ఎవరో గుర్తు రాలేదు. మంజులకు చెబితే తమ్ముణ్ణి గడప దాటనివ్వదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండానే టూరు నడిపే ఆయన ఫోన్ చేసి, ఈసారి జార్జియా అన్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. నోటుబుక్కు వద్దంది అని చెప్పలేను కదా. మునిరాజునైనా ఆపుదామంటే వాడు అప్పటికే స్వెట్టరు కొనుక్కున్నాడు.

అక్కడ టమాటాలు నిజంగానే బాగున్నాయి. కొండ మీది హోటల్లో వంటగది కిందే ఉంది. గ్యాసు నాబ్ ఎదురు వైపు తిరిగినప్పుడు మాత్రం నాకు భయమేసింది. వెనక గది తలుపు తీసి చూశాను. నేలకు జానెడెత్తున కొళాయి, దాని పైన గోడకు వేడినీళ్ళ ట్యాంకు. మా వాళ్ళు బియ్యం నిలబడి కడగరు, కొళాయి కింద గొంతుక్కూర్చుని కడుగుతారు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి, నేనే కడుగుదామని బియ్యం గిన్నె ఎత్తాను. మునిరాజు వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

“నువ్వు సాంబారు సూడు బావా, నేను కడుక్కొస్తాను.”

“నీకేల రా? నేను పోతాను.”

పని అంటే పది అడుగుల దూరంలో ఉండే మనిషి వాడు. ఆ రోజు గిన్నె వదిలితే ఒట్టు. నేనూ వదల్లేదు. బియ్యం సగం నేలపాలైంది. నా నోటికి వచ్చిన తిట్టల్లా తిట్టాను. అప్పుడే వెనక గదిలో పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే ట్యాంకు గోడ పెచ్చులతో సహా ఊడి కొళాయి మీద పడి ఉంది. గదిలో ఎవరూ లేరు. ట్యాంకు మొన్ననే బిగించామని హోటలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

ఇల్లు చేరాక భోజనాల దగ్గర మంజులకు ఈ గిన్నె గొడవ చెప్పాము. ఆమె నవ్వి, ఎందుకంత పట్టు అని అడిగింది. అప్పుడు నేను పేజీ సంగతి బయటపెట్టాను. మునిరాజు చేతిలో ముద్ద ఆగిపోయింది.

“పోయే ముందర ఆ పేజీ నేనూ సదివినాను బావా. బావను పంపొద్దు అని కదా ఉండింది?”

నోటుబుక్కు తెచ్చి ఆఖరి వరుస కింద వేలు పెట్టాను. నాకు మునిరాజు అని కనిపిస్తోంది. వాడికి బావ అని కనిపిస్తోంది. వాడు అక్క తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఫోనులో ఫోటో తీసి చూశాము. అందులోనూ నాకు వాడే, వాడికి నేనే.

మంజుల పదో తరగతి దాకా చదివింది. చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకుంది. పెదవులు కదుపుతూ ఆ వరుస చదివింది. తమ్ముణ్ణి చూసింది, నన్ను చూసింది, పుస్తకం మూసింది.

“కూడు సల్లగైపోతా ఉంది. తినండి ఇద్దరూ.”

ఏమని ఉందో చెప్పమని చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా ఆమె కళ్ళు నిండుతాయి, లేచి లోపలికి పోతుంది. ఇప్పుడు అడగడం మానేశాను. ఆమె చదివింది ఎవరి పేరో, అసలు మా ఇద్దరిలో ఒకరి పేరేనో కాదో, నాకు ఈ రోజుకీ తెలియదు.