కంటికి కప్పిన ఉమ్మనీటి పొర

2001 జూన్‌లో ఆళ్లగడ్డ కంటి క్యాంపుల డ్యూటీ నుంచి నన్ను నంద్యాలలోని ఒక కంటి ఆసుపత్రికి థియేటర్ స్టాఫ్ నర్సుగా మార్చారు. కొత్తవాళ్లతో మాట్లాడే పని తగ్గిందని ఆ రోజు డైరీలో సంతోషంగా రాసుకున్నాను.

రెండో వారంలోనే రుద్రవరం నుంచి ఓబులమ్మ అనే ఆమెను తీసుకొచ్చారు. గోడకు సున్నం కొడుతుంటే కుడి కంట్లో పడింది. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. వెంటనే నీళ్లతో కడగకుండా ఇంట్లోవాళ్లు ఆముదం పోశారు. గంటకు పైగా సెలైన్‌తో కడిగి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నం పలుకులు తీశాం.

డాక్టరు గారు నాకు విడమరిచి చెప్పారు. నల్లగుడ్డు అంచున మూలకణాలుంటాయి. గుడ్డు మీది పొర అరిగినప్పుడల్లా కొత్త పొరను పుట్టించేది అవే. కొన్నింటిని సున్నం చంపేసింది, మిగిలినవాటిని వాపు చంపుతుంది. కాన్పులో మాయతో పాటు బయటికొచ్చే ఉమ్మనీటి సంచి లోపలి పొరలో కూడా మూలకణాల లక్షణాలున్న కణాలుంటాయి. ఆ పొర కప్పితే వాపు అణుగుతుంది. ఆలస్యమైతే ఉన్న ఒక్క కన్నూ తెల్లబడుతుంది.

మర్నాడు పక్కవీధి కాన్పుల ఆసుపత్రిలో ఒక సిజేరియన్ ఉంది. గర్భిణి రక్తపరీక్షలు బాగున్నాయి, మాయ ఇవ్వడానికి ఆమె సంతకమూ చేసింది. ఆమె అత్త సుబ్బమ్మ మాత్రం అడ్డం తిరిగింది. ఒప్పించమని నన్ను పంపారు.

“యాడికి తీస్కపోతావమ్మా మా మాయను? అది మా వాకిట్లో పూడ్చాల.”

ఒకామె కంటికి కావాలన్నాను.

“ఏందీ, కంటికి మాయ పెడతారా? ముసిల్దాన్నని ఎగతాళి చేస్తాండావా?”

“లోపలి పొర ఒక్కటే అవ్వా, ఉల్లిపొరంత పలచన. తక్కిందంతా నీ చేతికే ఇస్తా, పూడ్చుకో” అన్నాను.

“అట్లని ముందే చెప్పొద్దూ! సరే, నా కండ్ల ముందరే ఒలువు. తక్కువిచ్చినావంటే నీ కొంగు వదల.”

కాన్పయ్యాక, తలుపు అద్దంలోంచి ఆమె చూస్తుండగానే, మందు కలిపిన సెలైన్‌లో కడిగి పొర ఒలిచాను. మిగిలినదాన్ని మూతబకెట్లో పెట్టి ఇచ్చాను. మూత తీసి చూసి, “పిల్ల అబద్ధం చెప్పలేదప్పా” అంది కొడుకుతో.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారు ఆ పొరను ఓబులమ్మ కంటికి కుట్టారు. వారంలో ఎరుపు తగ్గింది. మూడు నెలలకు ఆమె తోడెవరూ లేకుండా బస్సెక్కి చూపించుకోవడానికి వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సమ్మతి కాగితం ముందుపెట్టే ముందు, మేమడిగే వస్తువును వాళ్లింట్లో ఏం చేస్తారో అడిగి తెలుసుకునేదాన్ని.