చేపలు చౌకైన చోట

మా నాన్న కలకత్తాలో మునిసిపాలిటీ చెత్త లారీ నడిపేవాడు. మా వీధిలో చేపలు ఉన్నట్టుండి చౌకైతే అమ్మ కొనేది కాదు. "రేపు నీ లారీ ఎక్కడికెల్తాదేటి?" అని నాన్నని నిలదీసేది. వారం తిరక్కుండా ఆయన్ని ఊరి తూర్పున ఏదో చెరువు దగ్గరికి పంపేవారు. అక్కడ చేపలన్నీ చచ్చి తేలి ఉండేవి. చచ్చిన చెరువే కదా, చెత్తతో పూడ్చెయ్యమనేవారు.

మాకు చేపలమ్మే ఆమెకి అలాంటి చెరువు కిందే సర్కారు పంచిన పొలం ఉండేది. చెరువు పోయాక వరి ఎండింది, పొలం అమ్ముకున్నారు. తర్వాత ఆమె మా పక్క వీధిలో అంట్లు తోమేది.

"ఇదంతా సర్కారుకి తెలీదే" అనేవాడు నాన్న.

"నా చెవిలో పువ్వులెట్టకు. ఎవడూ చెరువులో మందు కలపకుండా చేపలు వాటంతటవే చస్తాయేటి?" అనేది అమ్మ.

నాకు ఉద్యోగమొచ్చాక, ఊరి తూర్పున కొత్తగా లేచిన న్యూ టౌన్‌లో ఫ్లాట్ చూపిద్దామని ఇద్దర్నీ తీసుకెళ్లాను. నేల గట్టిదన్నాడు బ్రోకరు, గాలి మంచిదన్నాడు. అమ్మ అంతా విని బెంగాలీలో అడిగింది.

"దాదా, ఇక్కడ చేపలు ఎప్పుడు చౌకయ్యాయి?"

అతనికి అర్థం కాలేదు. నాన్న బాల్కనీలోంచి ఒకసారి కిందికి చూసి, చెప్పులేసుకుని లిఫ్ట్ వైపు నడిచాడు.