ముందు వెళ్ళిన సంచి

ఒక్క నిమిషం కూడా వృథా కాకుండా పథకం వేసి, రోజు మొత్తాన్ని ఎలా తగలెయ్యాలో నేర్చుకోవాలంటే నన్నడగండి. ఆరేళ్ళ కిందట గుంటూరు నుంచి చెన్నై వెళ్ళినప్పుడు ఆ విద్యలో ఆరితేరాను.

షోళింగనల్లూరులో మా పిన్ని ఇంట్లో దిగాం, నేనూ మా ఆవిడ సుధా మా ఏడేళ్ళ అమ్మాయి చిన్నీ. శనివారం పొద్దున వండలూరు జూ, సాయంత్రం నాలుగింటికి తిరుగు రైలు. తెల్లపులిని చూపిస్తానని చిన్నీకి నెల రోజులుగా మాటిస్తున్నాను. కాగితం మీద పులికి పన్నెండు నిమిషాలు, ఏనుగుకి ఎనిమిది రాశాను. నీటిగుర్రానికి పాపం మూడే. తొమ్మిదింబావుకి కారు.

ఎనిమిదిన్నరకి పిన్ని క్యాలెండరు చూసింది. "ఒరే, తొమ్మిదికి రాహుకాలం వచ్చేస్తది గదరా! బిడ్డని తోడుకోని పులికాడికి ఆ టైములోనా పోయేది?"

"పదిన్నర దాకా ఆగితే పులికి మూడు నిమిషాలు కూడా మిగలవు పిన్నీ!"

"సెరి, అయితే ఇప్పుడే ఒక సంచి పక్కింట్లో పెట్టేసి రా. బయల్దేరినట్టే లెక్క. పోయేటప్పుడు తీసుకోండి."

ఏదో ఒక పాత సంచి పెట్టొచ్చు కదా అని మీకు తోచింది. నాకు తోచలేదు. ముఖ్యమైనవి పెడితే ముహూర్తం గట్టిగా ఉంటుందనుకుని జూ టిక్కెట్లు, రైలు టిక్కెట్లు, పర్సు, మా ఇద్దరి ఫోన్లు, చిన్నీ టోపీ అన్నీ కుక్కి పరిగెత్తాను.

పక్కింటి మురళిగారు గుమ్మంలోనే ఉన్నారు, చేతిలో కారు తాళాలు. "సార్, మేము ఇప్పుడు..." అనబోయారు.

"అన్నీ తర్వాత! ముందు ఇది పట్టుకోండి!" అని ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. నిదానమే ప్రధానం అన్నవాడు నన్ను చూసుంటే ఊరొదిలి పోయేవాడు.

తొమ్మిదింబావుకి వెళ్తే ఆ ఇంటికి తాళం.

"పాలకి వెళ్ళుంటాడు. ఐదు నిమిషాల్లో వస్తాడు," అన్నాను.

"ఇంటిల్లిపాదీ పాలకి వెళ్తారా? పిన్నిగారి దగ్గర డబ్బు తీసుకుని పోదాం పదండి," అంది సుధ.

"కొన్న టిక్కెట్లు మళ్ళీ కొంటామా? ఐదే నిమిషాలు!"

ఆ ఐదు నిమిషాలు పన్నెండింటి దాకా సాగాయి. కారతను విసిగి వెళ్ళిపోయాడు. పిన్ని ఎన్నిసార్లు ఫోన్ చేసినా మురళిగారు ఎత్తలేదు. పులిని చూడాల్సిన నేను, కాలుగాలిన పిల్లిలా లిఫ్టుకీ తలుపుకీ మధ్య తిరిగాను. చిన్నీ బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని, "ఈపాటికి పులి నిద్రపోయుంటుందా నాన్నా?" అంది. నాకు నిజంగా సిగ్గేసింది.

పన్నెండుకి ఆయనే పిన్నికి ఫోన్ చేశారు. "ఏమక్కా, మీవాళ్ళు ఇంకా రాలేదే! గేటుకాడ ఎంతసేపు చూసినామో. ఫోను సైలెంటులో పెట్టేసినా."

"యాడుండారు మీరు?"

"జూలో! మీవాళ్ళూ ఈడికేనని నిన్న నువ్వేగదా చెప్తివి. సంచి మా బండిలో ముందు పంపిస్తా ఉండారనుకొంటిమి!"

ఒంటిగంటన్నరకి, ఇక రైలుకి తప్ప దేనికీ టైము లేనప్పుడు, మురళిగారు సంచి తెచ్చిచ్చారు. "ఒక్కటీ పోలేదు సార్, భుజం మీంచి దించనే లేదు," అంటూ సాక్ష్యంగా ఫోన్లో ఫోటో చూపించారు. కంచె ముందు ఆయన కుటుంబం, ఆయన భుజాన మా సంచి, వెనకాల తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంటున్న తెల్లపులి.

చిన్నీ ఆ ఫోటోని చాలాసేపు చూసింది. తర్వాత సంచిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే అడిగింది: "పులి ఎంత పెద్దగా ఉందే?"

కాబట్టి సదరు సంచి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకంటే ముందు నా సంచిని ఎక్కడికీ పంపను. రాహువు మింగితే మింగనీ, ఇద్దర్నీ కలిపే మింగాలి.