చెల్లి పళ్ళకు పెట్టుకున్న జెల్లు

ఎవరు పంపారో తెలియని ఏ వస్తువునూ నేను నమ్మను. నిశ్చితార్థానికి రెండు వారాల ముందు చెల్లి పేరున కొరియర్‌లో వచ్చిన చిన్న డబ్బాను అసలే నమ్మలేదు. పళ్ళు తెల్లబరిచే జెల్లట. ప్లాస్టిక్ తొడుగులో నింపి కాసేపు పళ్ళకు తగిలించుకోవాలట. అందులో ఏం కలిపారో, ఎవరు తయారుచేశారో డబ్బా మీద ఎక్కడా లేదు. నవ్వుతున్న అమ్మాయి బొమ్మ మాత్రం పెద్దదే వేశారు. ఎక్కడిదే అని అడిగితే, నా వైపు చూడకుండా తనే తెప్పించుకున్నానంది.

ఆ ఆదివారం ఇంట్లో ఆవకాయ కలిపాం. జాడీలోకి ఎత్తాక బేసిన్‌కు అంటుకున్న కారంలో వేడి అన్నం కలిపి అమ్మ అందరికీ తలో ముద్ద పెడుతుంది. మొదటి ముద్ద కోసం ఏటా నాతో పోట్లాడే చెల్లి ఆ రోజు ఆకలి లేదంది. తిరువూరు ఎండలో కుండ నీళ్ళు కూడా వద్దంది. అమ్మ గుండెల్లో రాయి పడింది. ఈ పెళ్ళి ఇష్టం లేదేమో, మనసులో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోమని నన్ను వంటింట్లోకి లాగి గుసగుసలాడింది. నా అనుమానం మాత్రం డబ్బా మీదే.

గదిలోకి తీసుకెళ్ళి నోరు తెరవమన్నాను. మొండికేసింది. నేను వదల్లేదు. చిగుళ్ళ అంచులు సున్నం పూసినట్టు పాలిపోయి ఉన్నాయి. త్వరగా తెల్లబడాలని, రాసి ఉన్నదానికంటే ఎక్కువసేపు పెట్టుకుందట. గాలి తగిలినా పళ్ళు జివ్వుమంటున్నాయట. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి విరిగిన ముందు పంటికి డాక్టరు అతికించిన ముక్క మాత్రం పసుపుగానే ఉండిపోయింది. చుట్టూ పళ్ళు తెల్లబడేసరికి ఇప్పుడు అదొక్కటే కనపడుతోంది. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

బస్టాండు దగ్గరి పళ్ళ డాక్టరమ్మ జెల్లు వెంటనే ఆపేయమంది. అది తగిలి చిగుళ్ళు కాలాయని, మానతాయని, జివ్వుమనడం కూడా మెల్లగా తగ్గుతుందని, అప్పటిదాకా పులుపు, చల్లటివి ముట్టుకోవద్దని చెప్పింది. అతికించిన ముక్క ఏ జెల్లుకూ తెల్లబడదట. ముందే వచ్చి ఉంటే ఆ మాట చెప్పేదాన్ని కదా అని నొచ్చుకుంది. ఎవరు వాడమన్నారని అడిగితే చెల్లి మళ్ళీ తన పేరే చెప్పింది.

తిరిగొచ్చే ఆటోలో దాని ఫోను మోగింది. విస్సన్నపేట పెళ్ళికొడుకు. ఎత్తలేదు. డబ్బా అతనే పంపాడా అని అడిగాను. తలూపింది. పెళ్ళిచూపుల ఫొటోలు చూశాక పంపాడట. ప్రేమతోనే పంపాడేమోనని నాలాంటి అనుమానపు మనిషికి కూడా ఒక్క క్షణం అనిపించింది.

"నొప్పిగా ఉందని పొద్దున చెప్పానక్కా. ఎంత తెల్లబడ్డాయో ఫొటో పెట్టమన్నాడు."

ఇల్లు చేరగానే చెల్లి కాళ్ళు కూడా కడుక్కోకుండా వెళ్ళి అమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, విస్సన్నపేట వాళ్ళని రావద్దని చెప్పు."

ఎందుకే అని అడిగింది అమ్మ. చెల్లి నోరు తెరిచి చూపించింది.