పుర్రచేతి తీగ

మా అత్తయ్య గురించి ఎవరినడిగినా ఒకటే చెబుతారు: మేస్త్రిగారి భార్య, జిగురు బాగా కాస్తుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జిగురు కాస్తుందట. మా మామయ్యకి పేరు తెచ్చిపెట్టిన ప్రతి పువ్వూ ఆవిడ చేతిలోంచి వచ్చింది మరి.

మా ఊళ్ళో ఇళ్ళన్నీ చెక్కవే. వానలకు చెక్క ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. ఉత్త చెక్క మీద రంగేస్తే ఏడాది తిరక్కుండా బీటలిస్తుంది. అందుకని ముందు పలకల మధ్య సందులు పూడ్చి, జిగురులో తడిపిన గుడ్డ గోడంతా బిగించి అంటిస్తారు. దాని మీద సుద్ద పూత పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు. అంతవరకూ మామయ్య పని, ఆయన పనికి వంక పెట్టలేం. పైన పూల తీగ వేయడం మాత్రం ఆయన వల్ల కాదు. ఆయన పువ్వేస్తే అది పువ్వని పక్కనుంచి చెప్పాలి.

పెళ్ళైన కొత్తలో మామయ్య ఓ ఇంట్లో తీగ పాడుచేసి తల పట్టుకు కూర్చుంటే, అత్తయ్య ఆ మరక తుడిచేసి, ఇంటివాళ్ళు వచ్చేలోగా తనే వేసిందట. వాళ్ళు చూసి, "మేస్త్రీ, ఏం చెయ్యండీ మీది" అన్నారట. మామయ్య ఆ మెప్పు మింగేసి ఊరుకున్నారు. అప్పటి నుంచి తీగ వేసేటప్పుడు తలుపు మూసేయడం అలవాటైంది. లోపల ఆయన పని చేస్తున్నారనీ, ఆవిడ జిగురు అందిస్తోందనీ బయటివాళ్ళ లెక్క.

అత్తయ్యది పుర్రచెయ్యి. తడి రంగుకి చెయ్యి తగలకూడదని గోడకి కుడి మూల మొదలుపెట్టి ఎడమకి వస్తుంది. అందుకే ఆవిడ తీగలన్నీ ఎడమకే పాకుతాయి, ఆకులన్నీ అటే వాలతాయి. ఊళ్ళో దానికి 'మేస్త్రి వాటం' అని పేరు పెట్టారు. కుర్ర పనివాళ్ళు అలా వేయబోయి, కుడిచేత్తో ఎడమకి నడుస్తూ వేసిందంతా మోచేత్తో అలికేసేవాళ్ళు. "ఆయనకెలా కుదిరిందో" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. నేను పళ్ళు నూరుకునేదాన్ని. కోడలిగా వచ్చిన కొత్తలో ఓసారి నోరు జారబోతే మా ఆయన కాలు తొక్కాడు.

ఆమధ్య ఊరి సభామందిరం గోడలు బాగుచేయించారు. అత్తయ్య ఇంత పెద్ద తీగ ఎప్పుడూ వేయలేదు. వేదిక పక్కన మొదలై గదంతా తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. అప్పుడు మందిరం పెద్దాయనకో ముచ్చట పుట్టింది. చివరి మూరెడూ ఖాళీగా ఉంచాలట, ప్రారంభం రోజున అందరి ముందూ మేస్త్రిగారు పూర్తిచేయాలట. గుమ్మం పైన పలక కట్టి దాని మీద ఆయన పేరు కూడా రాయిస్తారట.

"దానికేముందండీ" అని తలూపి వచ్చారు మామయ్య.

ఇంటికొచ్చాక నసిగారు. "నువ్వు పెన్సిలుతో గీసి పెట్టు. నేను రంగు నింపేస్తా."

అత్తయ్య పొయ్యి మీద జిగురు కలుపుతూ తల తిప్పలేదు. "పలక మీద పేరు మీదే ఉంచుకోండి. 'తీగ వేసింది మా ఆవిడే' అని ఒక్కసారి అందరిలో చెప్పండి. అప్పుడు ఆ మూరెడూ నేనే వేస్తా."

"ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడా? నా పరువేం కాను?"

"నాదేమైందో ఎప్పుడైనా అడిగారా?"

ఆవిడ పెన్సిలు ముట్టుకోలేదు.

ప్రారంభానికి ఊరంతా వచ్చింది. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని కుంచె పట్టుకున్నారు, కుడిచేత్తో. తీగ ఆగిన చోటు నుంచి ఎడమకి రెండాకులు వేశారో లేదో, తడి ఆకుని ఆయన మణికట్టే తుడిచేసింది. మళ్ళీ దిద్దారు. అది ఇంకా అలుక్కుపోయింది.

"చెయ్యి తగిలినట్టుందండీ" అన్నారు పెద్దాయన మెల్లిగా.

మామయ్య మొహం ఇంత చేసుకుని నవ్వారు. "వయసు కదండీ, వణుకుతోంది. మా ఆవిడకి కొంచెం నేర్పించాను. తను వేస్తుంది."

నేర్పించారట. నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. లేవబోతుంటే అత్తయ్య నా భుజం నొక్కి తను లేచింది. తడి గుడ్డ తీసుకుని ఆ మరకంతా శుభ్రంగా తుడిచింది. కింద తెల్లటి సుద్ద కనబడింది. కుంచె ఎడమచేత్తో అందుకుంది. మామయ్య హమ్మయ్య అనుకుని పక్కకి జరిగారు. ఆవిడ ఆ కుంచెని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"నాకేం వస్తుందండీ. నేను జిగురు కాచేదాన్ని. తీగ వేసిందెవరో ఈయన్నే చెప్పమనండి."

అత్తయ్య మామయ్య మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన కుంచె వైపు చూశారు. ఆవిడ నన్ను రమ్మని సైగ చేసి గుమ్మం దాటింది.

పలక మీద పేరు రాశారు. కింద మూరెడు ఖాళీ అలాగే ఉంది. వేరేవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అత్తయ్య మళ్ళీ మామయ్య వెంట పనికి వెళ్ళలేదు. ఆయన గుడ్డ, సుద్ద, నున్నటి గోడల మేస్త్రిగా మిగిలారు.

మొన్న మందిరంలో ఓ మూల గుడ్డ ఊడిందంటే ఆయన వెంట జిగురు గిన్నె పట్టుకుని నేను వెళ్ళాను. ఎవరో పొరుగూరివాళ్ళు ఆ ఖాళీ చూపించి కాపలా అతన్ని అడిగారు, ఇదేంటని.

"మేస్త్రిగారి తీగండీ అది. కానీ పూర్తవ్వాలంటే జిగురు కాచే ఆవిడ రావాలట" అన్నాడతను. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

మామయ్య గోడకేసి తిరిగి చాలాసేపు గుడ్డ నొక్కుతూ ఉన్నారు. వెళ్ళబోయే ముందు కాపలా అతని దగ్గర ఆగి, "తీగంతా వేసింది కూడా ఆవిడేనయ్యా" అన్నారు. పక్కనే ఉన్న నాకే అతికష్టం మీద వినబడింది.

ఇంటికి పరిగెత్తినట్టే వచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపింది.

"ఎవరితో అన్నారు?"

"కాపలా అతనితో."

"ఇంకెవరున్నారు అక్కడ?"

"ఎవరూ లేరు అత్తయ్యా."

"అయితే ఊరంతా ఇంకా మిగిలే ఉంది" అంది అత్తయ్య. "ఒక్కొక్కళ్ళకే చెప్పుకుంటూ రమ్మను. కుంచె ఎక్కడుందో నాకు తెలుసు."